కార్ ఆడియో: కారులో సబ్‌వూఫర్ పెట్టిస్తున్నారా..? ముందు యాంప్ మీద ఓమ్స్ చూడండి.. ఈ లెక్క తప్పితే యాంప్ కాలిపోవచ్చు!

కారులో పాట పెడితే డిక్కీ అదరాలి, బేస్ గుండెల్లో తగలాలి.. చాలామంది కుర్రాళ్ల కోరిక ఇదే. అందుకోసం వేలకు వేలు పోసి సబ్‌వూఫర్లు, యాంప్లిఫయర్ కొంటారు. తీరా బిగించిన కొద్ది రోజులకే యాంప్ మీద ఎర్ర లైట్ వెలుగుతుంది. సౌండ్ ఆగిపోతుంది. కాసేపటికి మళ్లీ వస్తుంది, మళ్లీ పోతుంది. ఓ రోజు కాలిన వాసన వస్తుంది. ఇక అంతే సంగతులు.

ఇలా జరిగితే ‘యాంప్ డూప్లికేట్ అంటగట్టారు’ అని షాపు వాళ్ల మీద పడతారు. కానీ చాలా కేసుల్లో యాంప్ మంచిదే, వూఫరూ మంచిదే. ఆ రెండింటికీ జత కుదరకపోవడమే అసలు సమస్య. ఈ జతను తేల్చేది ఓమ్స్ లెక్క. పైగా ఈ పొరపాటు చాలాసార్లు వైర్లు కలిపే దగ్గర కంటే ముందే, కౌంటర్ దగ్గర డబ్బులు కట్టేటప్పుడే జరిగిపోతుంది. ఎందుకంటే ఒకసారి కొన్నాక వూఫర్ లోపలి కాయిల్‌ను మార్చడం అంత తేలిక కాదు. వైరింగ్ ఎన్ని రకాలుగా మార్చినా కొన్ని నంబర్లు అసలు రానే రావు.

మరి ఏ యాంప్‌కు ఏ వూఫర్ కొనాలి? వైర్లు ఎలా కలపాలి? కాలిపోకుండా ఏం చూసుకోవాలి? స్టెప్ బై స్టెప్ చూద్దాం.

అసలు ఓమ్స్ అంటే ఏంటి?

కరెంటు ప్రవాహాన్ని అడ్డుకునే గుణానికి కొలమానమే ఓమ్. జర్మనీ శాస్త్రవేత్త జార్జ్ సైమన్ ఓమ్ 1827లో ప్రచురించిన సూత్రం ఇప్పటికీ మన కారు డిక్కీలో పనిచేస్తూనే ఉంది. స్పీకర్ల విషయంలో ఈ అడ్డును ఇంపెడెన్స్ అంటారు.

కాలువ తూము గుర్తు తెచ్చుకోండి. తూము ఎంత ఎత్తితే నీళ్లు అంత జోరుగా పోతాయి. వూఫర్ ఓమ్స్ తగ్గడం అంటే తూము ఇంకాస్త ఎత్తడమే. యాంప్ నుంచి కరెంటు అంత ఎక్కువగా లాగుతుంది.

నంబర్లలో చెప్పాలంటే.. యాంప్ 20 వోల్టులు పంపుతోందని అనుకుందాం.

• 4 ఓమ్స్ వూఫర్ ఉంటే 5 యాంపియర్లు, అంటే 100 వాట్స్

• 2 ఓమ్స్ అయితే 10 యాంపియర్లు, 200 వాట్స్

• 1 ఓమ్ అయితే 20 యాంపియర్లు, 400 వాట్స్

• అర ఓమ్ అయితే 40 యాంపియర్లు, 800 వాట్స్

ఓమ్స్ సగమైన ప్రతిసారీ కరెంటు డబుల్ అవుతోంది, గమనించారా? ఇక్కడే చిక్కు. కరెంటు డబుల్ అయితే యాంప్ లోపలి ట్రాన్సిస్టర్లలో పుట్టే వేడి రెట్టింపుతో ఆగదు, దాదాపు నాలుగు రెట్లు అవుతుంది. ఆ వేడిని యాంప్ తట్టుకోగలిగినంత వరకే ఈ పవర్ అంతా. అది దాటితే ముందు ప్రొటెక్షన్ లైట్ వెలుగుతుంది. ఆ తర్వాత పొగే.

ముందు యాంప్ మీద ఏం చూడాలి?

డబ్బా మీద పెద్ద అక్షరాల్లో ‘2000 వాట్స్ మ్యాక్స్’ అని ఉంటుంది. దాన్ని పక్కన పెట్టేయండి. మ్యాక్స్ పవర్, పీక్ పవర్ అనేవి క్షణకాలం వచ్చే అంకెలు. మనకు కావాల్సింది ఆర్ఎంఎస్ పవర్. అంటే యాంప్ ఆగకుండా ఇవ్వగలిగే పవర్. సీఈఏ-2006 ప్రమాణం ప్రకారం కొలిచామని కంపెనీ రాస్తే ఆ అంకెను ఎక్కువగా నమ్మొచ్చు. 14.4 వోల్టుల దగ్గర, 4 ఓమ్స్ లోడ్ మీద, 1 శాతం లోపు డిస్టార్షన్‌తో ఎంత పవర్ వస్తుందో ఆ పద్ధతిలో కొలుస్తారు.

యాంప్ మాన్యువల్‌లో ఈ మూడు విషయాలు నోట్ చేసుకోవాలి.

• 4 ఓమ్స్, 2 ఓమ్స్, 1 ఓమ్ దగ్గర ఆర్ఎంఎస్ పవర్ ఎంతెంత?

• కనీస ఇంపెడెన్స్ ఎంత? ‘2 ఓమ్స్ స్టేబుల్’ అని ఉంటే 2 కంటే కిందికి వెళ్లకూడదని అర్థం.

• రెండు చానెళ్లను బ్రిడ్జ్ చేస్తే కనీస ఇంపెడెన్స్ ఎంత? ఇది చాలా యాంప్‌లలో వేరుగా ఉంటుంది.

1 ఓమ్ దగ్గర పవర్ ఎంతో మాన్యువల్‌లో ఎక్కడా రాయలేదంటే ఆ యాంప్ 1 ఓమ్‌కు పనికిరాదనే అనుకోవాలి. ‘ఏం కాదు బ్రదర్, నడుస్తుంది’ అనే మాట నమ్మొద్దు.

వూఫర్ మీద ఏం చూడాలి?

వూఫర్లు రెండు రకాలు. మొదటిది సింగిల్ వాయిస్ కాయిల్. దీనికి ఒక ప్లస్, ఒక మైనస్.. మొత్తం రెండే టెర్మినల్స్. రెండోది డ్యూయల్ వాయిస్ కాయిల్. ఇందులో ఒకే కోన్‌కు రెండు కాయిల్స్ ఉంటాయి. కాబట్టి రెండు ప్లస్‌లు, రెండు మైనస్‌లు.. మొత్తం నాలుగు టెర్మినల్స్.

డ్యూయల్ కాయిల్ వూఫర్ల మీద చాలా కంపెనీలు డీ2, డీ4 అని రాస్తాయి. డీ4 అంటే ఒక్కో కాయిల్ 4 ఓమ్స్. డీ2 అంటే ఒక్కో కాయిల్ 2 ఓమ్స్. ‘డీ4 అంటే మొత్తం 4 ఓమ్స్’ అనుకునేవాళ్లు చాలామంది. అది తప్పు. డీ4 వూఫర్ ఎలా కలిపినా 4 ఓమ్స్ రాదు. వస్తే 2 ఓమ్స్, లేదంటే 8 ఓమ్స్.

ఇంకో అనుమానం. డ్యూయల్ కాయిల్ అంటే డబుల్ పవరా? కాదు. వైరింగ్‌లో ఆప్షన్లు పెరుగుతాయి, అంతే. వూఫర్ మీద 500 వాట్స్ ఆర్ఎంఎస్ అని ఉంటే సాధారణంగా అది రెండు కాయిల్స్‌కూ కలిపి. ఒక్క కాయిల్‌కే వైరు ఇచ్చి రెండోది వదిలేస్తే వూఫర్ తట్టుకునే పవర్ కూడా సుమారు సగానికి పడిపోతుంది.

సిరీస్, ప్యారలల్.. రెండే పద్ధతులు

సిరీస్: ఒక కాయిల్ తర్వాత ఒకటి, రైలు బోగీల్లా. యాంప్ ప్లస్ నుంచి మొదటి కాయిల్ ప్లస్‌కు వైరు వెళ్తుంది. మొదటి కాయిల్ మైనస్ నుంచి రెండో కాయిల్ ప్లస్‌కు ఒక ముక్క. రెండో కాయిల్ మైనస్ నుంచి తిరిగి యాంప్ మైనస్‌కు. ఇలా కలిపితే ఓమ్స్ కూడుకోవాలి. 4 ప్లస్ 4.. 8 ఓమ్స్.

ప్యారలల్: ప్లస్‌లన్నీ ఒకచోట, మైనస్‌లన్నీ ఒకచోట. రెండు ప్లస్‌లు కలిపి యాంప్ ప్లస్‌కు, రెండు మైనస్‌లు కలిపి యాంప్ మైనస్‌కు ఇవ్వాలి. కాయిల్స్ అన్నీ ఒకే ఓమ్స్‌వి అయితే, ఒక కాయిల్ ఓమ్స్‌ను కాయిల్స్ సంఖ్యతో భాగించాలి. 4 ఓమ్స్ కాయిల్స్ రెండు ఉంటే 2 ఓమ్స్. అవే నాలుగు ఉంటే 1 ఓమ్.

రెండు వూఫర్లు ఉన్నప్పుడు ఈ రెండు పద్ధతులనూ కలిపి వాడొచ్చు. ముందు ఒక్కో వూఫర్ లోపలి కాయిల్స్‌ను సిరీస్‌లో కలిపి, ఆ తర్వాత రెండు వూఫర్లనూ ప్యారలల్‌లో యాంప్‌కు ఇస్తారు. దీన్నే సిరీస్-ప్యారలల్ అంటారు.

స్క్రీన్‌షాట్ తీసి పెట్టుకోండి.. ఏ వూఫర్‌కు ఏ ఓమ్స్ వస్తాయి?

ఒక్క వూఫర్ అయితే..

• సింగిల్ కాయిల్ 4 ఓమ్స్: 4 మాత్రమే

• సింగిల్ కాయిల్ 2 ఓమ్స్: 2 మాత్రమే

• డీ4: ప్యారలల్‌లో 2, సిరీస్‌లో 8

• డీ2: ప్యారలల్‌లో 1, సిరీస్‌లో 4

రెండు వూఫర్లు అయితే..

• సింగిల్ కాయిల్ 4 ఓమ్స్ రెండు: ప్యారలల్‌లో 2, సిరీస్‌లో 8

• సింగిల్ కాయిల్ 2 ఓమ్స్ రెండు: ప్యారలల్‌లో 1, సిరీస్‌లో 4

• డీ4 రెండు: అన్నీ ప్యారలల్ అయితే 1, సిరీస్-ప్యారలల్‌లో 4, అన్నీ సిరీస్ అయితే 16

• డీ2 రెండు: అన్నీ ప్యారలల్ అయితే అర ఓమ్, సిరీస్-ప్యారలల్‌లో 2, అన్నీ సిరీస్ అయితే 8

మూడు వూఫర్లు అయితే..

• డీ4 మూడు: ఒక్కోదాని కాయిల్స్ సిరీస్‌లో, వూఫర్లు ప్యారలల్‌లో కలిపితే 2.67

• డీ2 మూడు: అదే పద్ధతిలో 1.33

నాలుగు వూఫర్లు అయితే..

• సింగిల్ కాయిల్ 4 ఓమ్స్ నాలుగు: అన్నీ ప్యారలల్ అయితే 1. రెండేసి సిరీస్‌లో కలిపి, ఆ రెండు జతలను ప్యారలల్ చేస్తే 4

• డీ4 నాలుగు: ఒక్కోదాని కాయిల్స్ సిరీస్‌లో, వూఫర్లు ప్యారలల్‌లో కలిపితే 2

ఒక్క ఉదాహరణ.. రెండు రకాల ఫలితాలు

ఒక మోనో యాంప్ ఉందనుకుందాం. 4 ఓమ్స్ దగ్గర 300 వాట్స్, 2 ఓమ్స్ దగ్గర 500 వాట్స్ ఆర్ఎంఎస్ ఇస్తుంది. 2 ఓమ్స్ కంటే కిందికి వెళ్లకూడదు. ఇలాంటి యాంప్‌లు మార్కెట్లో చాలానే ఉన్నాయి.

ఈ యాంప్‌కు ఒక్క వూఫర్ పెట్టాలంటే డీ4 కొనాలి. కాయిల్స్ ప్యారలల్ చేస్తే సరిగ్గా 2 ఓమ్స్ వస్తాయి. పూర్తి 500 వాట్స్ అందుతాయి. అదే డీ2 కొంటే? ప్యారలల్ చేస్తే 1 ఓమ్, యాంప్‌కు ప్రమాదం. సిరీస్ చేస్తే 4 ఓమ్స్, పవర్ 300 వాట్స్ దగ్గరే ఆగిపోతుంది.

ఇప్పుడు అదే యాంప్‌కు రెండు వూఫర్లు పెట్టాలనుకుంటే లెక్క మొత్తం తిరగబడుతుంది. ఈసారి డీ2 కొనాలి. సిరీస్-ప్యారలల్‌లో 2 ఓమ్స్ వస్తాయి. డీ4 రెండు కొంటే 1, 4, 16 తప్ప 2 ఓమ్స్ ఏ పద్ధతిలోనూ రాదు.

చాలామంది దెబ్బతినేది ఇక్కడే. ముందు డీ4 ఒక్కటి కొని చక్కగా వింటారు. ఆరు నెలలకు ఇంకో డీ4 తెచ్చి అదే యాంప్‌కు తగిలిస్తారు. అన్నీ ప్యారలల్ చేయడంతో 2 ఓమ్స్ కాస్తా 1 ఓమ్ అయిపోతుంది. అప్పటిదాకా బాగా పనిచేసిన యాంప్ వారంలో పోతుంది. ముందు ముందు రెండో వూఫర్ పెట్టే ఆలోచన ఉంటే, ఆ సంగతి మొదటి రోజే లెక్కలోకి తీసుకోవాలి.

గుర్తుపెట్టుకోవడానికి తేలికైన లెక్క ఇదీ.

• 1 ఓమ్ స్టేబుల్ యాంప్: ఒక్క డీ2, లేదా రెండు డీ4

• 2 ఓమ్స్ స్టేబుల్ యాంప్: ఒక్క డీ4, లేదా రెండు డీ2

• 4 ఓమ్స్ కనీసం ఉండాల్సిన యాంప్: ఒక్క డీ2 సిరీస్‌లో, లేదా రెండు డీ4 సిరీస్-ప్యారలల్‌లో

ఓమ్స్ తగ్గితే బేస్ డబుల్ అవుతుందా?

‘1 ఓమ్‌కు దింపితే దుమ్ములేచిపోతుంది’ అనే మాట బాగా వినిపిస్తుంటుంది. ఇందులో నిజమెంత?

వాట్స్ డబుల్ అయితే సౌండ్ పెరిగేది 3 డెసిబెల్స్ మాత్రమే. చెవికి సౌండ్ రెట్టింపైనట్టు అనిపించాలంటే సుమారు 10 డెసిబెల్స్ పెరగాలి. అంటే పవర్ పది రెట్లు కావాలి. పైన చెప్పిన యాంప్‌నే తీసుకుంటే 300 వాట్స్‌కూ 500 వాట్స్‌కూ మధ్య తేడా 2 డెసిబెల్స్ పైచిలుకు మాత్రమే. పాట నడుస్తుంటే ఈ తేడాను పట్టుకోవడం కొంచెం కష్టమే.

ఆ 2, 3 డెసిబెల్స్ కోసం యాంప్‌ను దాని హద్దు దాటించడం ఎవరికి లాభం? బేస్ నిజంగా పెరగాలంటే వూఫర్‌కు సరిపడే సైజు బాక్స్, గాలి లీక్ లేని బిగింపు, కాస్త ఎక్కువ సెన్సిటివిటీ ఉన్న వూఫర్.. ఇవి ఎక్కువ పనిచేస్తాయి. అనుమానంగా ఉంటే ఎక్కువ ఓమ్స్ వైపే ఉండండి. 2 ఓమ్స్ యాంప్‌కు 4 ఓమ్స్ ఇస్తే పవర్ కొంచెం తగ్గుతుంది, యాంప్ మాత్రం చల్లగా ఉంటుంది.

బ్రిడ్జ్ చేస్తున్నారా..? ఈ మెలిక తెలుసుకోండి

రెండు లేదా నాలుగు చానెళ్ల యాంప్ ఉన్నవాళ్లు రెండు చానెళ్లను కలిపి ఒక వూఫర్‌కు ఇస్తుంటారు. దీన్నే బ్రిడ్జింగ్ అంటారు. ఇలా చేసినప్పుడు ఒక్కో చానెల్‌కు కనిపించేది వూఫర్ ఓమ్స్‌లో సగమే. 4 ఓమ్స్ వూఫర్‌ను బ్రిడ్జ్ చేస్తే ఒక్కో చానెల్ 2 ఓమ్స్‌తో పనిచేస్తున్నట్టు లెక్క. అందుకే స్టీరియోలో 2 ఓమ్స్ స్టేబుల్ అయిన యాంప్‌కు బ్రిడ్జ్‌లో కనీసం 4 ఓమ్స్ ఉండాలని కంపెనీలు రాస్తాయి. అలాంటి యాంప్‌కు డీ4 ఒక్కటి ప్యారలల్‌లో కలిపి బ్రిడ్జ్ చేస్తే ఒక్కో చానెల్ మీద 1 ఓమ్ పడుతుంది. యాంప్ పోవడం ఖాయం.

ఏ ప్లస్‌ను ఏ మైనస్‌తో వాడాలో యాంప్ మీదే ‘బ్రిడ్జ్’ అనే గీతతో చూపిస్తారు. ఆ గుర్తు లేని యాంప్‌ను, మాన్యువల్ ఒప్పుకోని యాంప్‌ను బ్రిడ్జ్ చేయొద్దు.

మోనో యాంప్‌లతో ఇంకో తికమక ఉంది. కొన్నింటికి రెండు ప్లస్‌లు, రెండు మైనస్‌లు ఉంటాయి. అవి చూసి రెండు చానెళ్లు అనుకుంటారు. నిజానికి అవి లోపల ఒకదానికొకటి కలిసే ఉంటాయి. రెండు వూఫర్లను వాటికి విడివిడిగా తగిలించినా అది ప్యారలల్ కనెక్షనే. ఓమ్స్ సగం అవుతాయి.

ఇవి మాత్రం కలపొద్దు

• వేర్వేరు ఓమ్స్: 2 ఓమ్స్ వూఫర్, 4 ఓమ్స్ వూఫర్ ప్యారలల్‌లో కలిపితే 2 ఓమ్స్ దానికి రెట్టింపు పవర్ వెళ్తుంది. ఒకటి కాలిపోతుంటే ఇంకోటి తీరిగ్గా ఉంటుంది.

• వేర్వేరు సైజులు, వేర్వేరు మోడళ్లు: 10 అంగుళాలది, 12 అంగుళాలది ఒకే బాక్సులో పెడితే రెండూ ఒకేలా కదలవు. బేస్ గజిబిజి అవుతుంది.

• తిరగేసిన ప్లస్, మైనస్: రెండు వూఫర్లలో ఒకదానికి తిరగేసి ఇస్తే ఒకటి ముందుకు తోస్తుంటే ఇంకోటి వెనక్కి లాగుతుంది. బేస్ చాలావరకు మాయమవుతుంది.

• ఒకే వూఫర్‌లో కాయిల్స్ తిరగేయడం: ఇది ఇంకా డేంజర్. రెండు కాయిల్స్ ఒకదానితో ఒకటి కొట్లాడతాయి. కోన్ కదలదు. గాలి ఆడక కాయిల్ వేడెక్కి కాలిపోవచ్చు.

• ఒకే కాయిల్‌కు రెండు యాంప్‌లు: అందుకోసమే తయారు చేసిన యాంప్‌లు తప్ప మిగతావాటితో ఈ ప్రయోగం వద్దు.

ఆన్ చేసే ముందు రెండు నిమిషాల చెకింగ్

వైరింగ్ అయిపోగానే సౌండ్ పెంచేయకండి. ఒక మామూలు డిజిటల్ మల్టీమీటర్ ఉంటే చాలు. వూఫర్ వైర్లను యాంప్ నుంచి తీసేసి, మీటర్‌ను ఓమ్స్ మీద పెట్టండి. ముందు మీటర్ రెండు కొసలు తాకించి ఎంత చూపిస్తుందో చూడండి. 0.2, 0.3 లాంటి అంకె రావొచ్చు. అది మీటర్ వైర్ల రెసిస్టెన్స్. వచ్చిన రీడింగ్‌లోంచి దాన్ని తీసేయాలి. తక్కువ ఓమ్స్ కొలిచేటప్పుడు ఇది మర్చిపోతే లెక్క తప్పుతుంది.

ఇప్పుడు యాంప్‌కు వెళ్లే రెండు వైర్ల మధ్య కొలవండి. మీటర్ చూపించేది డీసీ రెసిస్టెన్స్ కాబట్టి కంపెనీ రాసిన అంకె కంటే కాస్త తక్కువ వస్తుంది. 4 ఓమ్స్‌కు సుమారు 3.2 నుంచి 3.8, 2 ఓమ్స్‌కు 1.6 నుంచి 1.9 వస్తే వైరింగ్ కరెక్టే. 2 రావాల్సిన చోట 0.8 వస్తే ఎక్కడో సిరీస్‌కు బదులు ప్యారలల్ అయినట్టు. 7 దాకా చూపిస్తే సిరీస్ అయినట్టు. రీడింగ్ అసలు రాకపోతే వైరు ఊడిందో, కాయిల్ తెగిందో చూడాలి.

ప్లస్, మైనస్ గుర్తులు చెరిగిపోతే టార్చిలైట్‌లో వేసే 1.5 వోల్టుల బ్యాటరీ చాలు. ఒక్క క్షణం కాయిల్‌కు తాకించండి. కోన్ బయటికి వస్తే బ్యాటరీ ప్లస్ తాకిన వైపే కాయిల్ ప్లస్. లోపలికి వెళ్తే తిరగబడినట్టు.

అగ్గి పుట్టేది ఇక్కడే.. పవర్ వైరు, ఫ్యూజు, ఎర్త్

ఓమ్స్ లెక్క తప్పితే యాంప్ పోతుంది. పవర్ వైరు లెక్క తప్పితే కారే తగలబడొచ్చు. అందుకే ఇక్కడ రాజీ పడొద్దు.

500 వాట్స్ ఆర్ఎంఎస్ ఇచ్చే క్లాస్ డీ యాంప్ సుమారు 80 శాతం ఎఫిషియెన్సీతో పనిచేస్తుందనుకుంటే, ఫుల్ పవర్‌లో బ్యాటరీ నుంచి 625 వాట్స్ తీసుకుంటుంది. 13.8 వోల్టుల దగ్గర అది 45 యాంపియర్లు. క్లాస్ ఏబీ యాంప్ ఎఫిషియెన్సీ 60 శాతం అనుకుంటే అదే పవర్‌కు 60 యాంపియర్లు కావాలి. ఇంత కరెంటు సన్న వైరులో పోతే వైరే హీటర్ అవుతుంది.

బానెట్ కింద నుంచి డిక్కీ దాకా 5 మీటర్ల దూరానికి, 45 యాంపియర్లకు 4 గేజ్ రాగి వైరు తగినది. గేజ్ నంబర్ తగ్గేకొద్దీ వైరు లావు అవుతుందని గుర్తుంచుకోండి. మార్కెట్లో చవగ్గా దొరికే కిట్లలో చాలావరకు అల్యూమినియం మీద రాగి పూత పూసిన వైర్లే. అదే లావు రాగి వైరుతో పోలిస్తే వీటి రెసిస్టెన్స్ సుమారు ఒకటిన్నర రెట్లు ఎక్కువ. అవే వాడాల్సి వస్తే ఒక సైజు లావుగా తీసుకోవాలి. కొస గీకి చూస్తే లోపల తెల్లగా కనిపించేది అల్యూమినియం. అయితే తగరం పూసిన రాగి వైరు పైకి తెల్లగా ఉంటుంది కాబట్టి కోసిన చోట చూడండి.

ఫ్యూజు బ్యాటరీకి దగ్గరగా ఉండాలి. 18 అంగుళాల లోపు, అంటే 45 సెంటీమీటర్ల లోపు పెట్టడం అందరూ పాటించే పద్ధతి. ఎందుకంటే మెయిన్ ఫ్యూజు కాపాడేది ప్రధానంగా వైరును. వైరు ఎక్కడైనా రాసుకుపోయి బాడీకి తగిలితే బ్యాటరీ శక్తి మొత్తం ఆ చోట మంటగా మారుతుంది. ఫ్యూజు డిక్కీలో యాంప్ పక్కన ఉంటే మధ్యలో ఉన్న 5 మీటర్ల వైరుకు రక్షణే లేదు. యాంప్ మీద ఉన్న ఫ్యూజుల మొత్తం ఎంతో చూసి ఆ రేంజ్‌లోనే, వైరు తట్టుకునే హద్దు దాటకుండా వేయాలి. ఫ్యూజు మాటిమాటికీ పోతోందని పెద్దది వేయడం, సిగరెట్ పేపర్ చుట్టడం లాంటి పనులు ప్రాణాల మీదికి తెస్తాయి.

ఇంజిన్ వైపు నుంచి క్యాబిన్‌లోకి వైరు వచ్చే రంధ్రం దగ్గర రబ్బరు గ్రోమెట్ తప్పనిసరి. ఎర్త్ వైరు కూడా పవర్ వైరంత లావు ఉండాలి, వీలైనంత పొట్టిగా ఉండాలి. పెయింట్ గీకి, మెరిసే ఇనుము మీద బోల్టుతో బిగించాలి. పెయింట్ మీద బిగిస్తే సౌండ్‌లో గీ మని రొద వస్తుంది, వోల్టేజీ పడిపోతుంది. పని మొదలుపెట్టే ముందు బ్యాటరీ మైనస్ తీసేయడం మర్చిపోవద్దు.

గెయిన్ అంటే వాల్యూమ్ కాదు

యాంప్ మీద ఉండే గెయిన్ నాబ్‌ను చాలామంది ఫుల్‌గా తిప్పేస్తారు. గెయిన్ పని స్టీరియో సిగ్నల్‌కు యాంప్‌ను సరిచేయడం వరకే. ఎక్కువ తిప్పితే సిగ్నల్ తల, తోక కత్తిరించినట్టు అవుతుంది. దీన్నే క్లిప్పింగ్ అంటారు. కాయిల్స్ కాలడానికి ఇదొక పెద్ద కారణం.

మల్టీమీటర్‌తోనే గెయిన్ సెట్ చేసుకోవచ్చు. కావాల్సిన వాట్స్‌ను ఓమ్స్‌తో గుణించి వర్గమూలం తీస్తే వోల్టులు వస్తాయి.

• 500 వాట్స్, 2 ఓమ్స్: 31.6 వోల్టులు

• 300 వాట్స్, 4 ఓమ్స్: 34.6 వోల్టులు

• 500 వాట్స్, 1 ఓమ్: 22.4 వోల్టులు

వూఫర్ వైర్లు తీసేయండి. బేస్ బూస్ట్ ఆఫ్ చేయండి, ఈక్వలైజర్ జీరోలో పెట్టండి. గెయిన్ పూర్తిగా తగ్గించండి. స్టీరియో వాల్యూమ్ ముప్పావు వంతు పెట్టి 50 హెర్ట్జ్ టెస్ట్ టోన్ ప్లే చేయండి. మీటర్‌ను ఏసీ వోల్టుల్లో పెట్టి యాంప్ స్పీకర్ టెర్మినల్స్ దగ్గర కొలుస్తూ, గెయిన్ నెమ్మదిగా పెంచండి. లెక్కలో వచ్చిన అంకెకు కాస్త ముందే ఆపేయండి. వూఫర్ ఆర్ఎంఎస్ యాంప్ పవర్ కంటే తక్కువైతే వూఫర్ వాట్స్‌తోనే లెక్క వేయాలి.

మన ఎండలతో ఇంకో తలనొప్పి

ఏప్రిల్, మే నెలల్లో తెలుగు రాష్ట్రాల్లో 40 డిగ్రీలు దాటడం మామూలే. ఎండలో ఆపిన కారు లోపల వేడి బయటి కంటే చాలా ఎక్కువ. ఆ వేడిలో యాంప్‌ను కార్పెట్ కింద కుక్కినా, సీటు కింద బట్టలతో మూసేసినా త్వరగా ప్రొటెక్షన్‌లోకి వెళ్తుంది. చుట్టూ గాలి ఆడేలా బిగించాలి. వూఫర్ బాక్స్ మీదే నేరుగా బిగిస్తే అదురుకు లోపలి టంకాలు వదులైపోతాయి.

వేడెక్కిన రాగి కాయిల్ రెసిస్టెన్స్ కూడా పెరుగుతుంది. 100 డిగ్రీలు వేడెక్కితే దాదాపు 40 శాతం పెరుగుతుంది. గంటసేపు ఫుల్ సౌండ్ పెట్టాక బేస్ తగ్గినట్టు అనిపించడానికి ఇదొక కారణం. అప్పుడు వాల్యూమ్ ఇంకా పెంచితే కాయిల్ మరింత వేడెక్కుతుంది. కాసేపు తగ్గించడమే మందు.

ఇన్సూరెన్స్, వారంటీ సంగతేంటి?

కంపెనీ నుంచి రాని ఎలక్ట్రికల్ యాక్సెసరీలు మామూలు మోటార్ పాలసీలో వాటంతటవే కవర్ కావు. వాటి విలువ చెప్పి, అదనపు ప్రీమియం కట్టి పాలసీలో రాయించుకోవాలి. బిల్లులు దాచుకోవాలి. కారు వారంటీలో ఉంటే ఒరిజినల్ వైరింగ్‌ను కోయించొద్దు. మోడల్‌కు సరిపోయే కప్లర్లు దొరుకుతాయి, అవి వాడమని అడగండి.

షాపులో అడగాల్సిన 6 ప్రశ్నలు

హైదరాబాద్ కోఠి అయినా, విజయవాడ ఆటోనగర్ అయినా, మీ ఊరి కార్ డెకార్స్ షాపైనా.. డబ్బులు కట్టే ముందు ఇవి అడగండి.

1. ఈ యాంప్ ఎన్ని ఓమ్స్ దాకా స్టేబుల్? మాన్యువల్‌లో చూపిస్తారా?

2. ఆ ఓమ్స్ దగ్గర ఆర్ఎంఎస్ ఎంత? వూఫర్ ఆర్ఎంఎస్ ఎంత?

3. ఈ వూఫర్ సింగిల్ కాయిలా, డీ2నా, డీ4నా?

4. మీరు కలిపాక మొత్తం ఎన్ని ఓమ్స్ వస్తాయి? మీటర్ పెట్టి చూపిస్తారా?

5. రేపు ఇంకో వూఫర్ పెడితే ఇదే యాంప్ సరిపోతుందా?

6. పవర్ వైరు రాగిదేనా? ఫ్యూజు ఎక్కడ పెడుతున్నారు?

పని తెలిసిన మెకానిక్ వీటికి ఒక్క నిమిషంలో సమాధానం చెప్తాడు. నాలుగో ప్రశ్నకు నసిగితే మాత్రం ఆ రోజుకు పని ఆపించండి. మాన్యువల్‌లో రాసిన కనీస ఓమ్స్, మీటర్ చూపించిన ఓమ్స్.. ఈ రెండూ సరిపోయాకే యాంప్ ఆన్ చేయాలి.